కల్యాణమండపము ఎవరి కల్యాణమునకు?

(మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



స్వామివారి అనుగ్రహముచేతను, మీయందరి సహకారముచేతను జీర్ణోద్ధరణము పూర్తియై మహాకుంభాభిషేకము నిర్విఘ్నముగా జరిగినది. తరతరముల సున్నపుపూతల క్రింద దాగిన శిల్పములు మరల వెలుగు చూచినవి. కారుచున్న కప్పు బాగుపడినది. ఒరిగిన స్తంభములు నిటారుగా నిలిచినవి. ఇన్నాళ్ళు గబ్బిలములకు నెలవైయుండిన కల్యాణమండపమును చూచి నేడు పిన్నలు పెద్దలు అందరును ముచ్చటపడుచున్నారు.

ఆ ముచ్చటనుండియే ఒక కోరిక పుట్టినది. "పంతులుగారూ! మా అమ్మాయి పెండ్లి ఈ మండపములోనే చేయవలెనని యున్నది. ముహూర్తము మీరే పెట్టవలెను" అని అడుగువారు నానాటికి పెరుగుచున్నారు. వారిలో ఈ పనికి ధనమిచ్చినవారు కలరు, శ్రమదానముగా వచ్చి రాళ్ళు మోసినవారును కలరు. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె అందరికి ఒక్కమారు మనవి చేయుట మేలని తలచి ఈ విషయమును ఎత్తుకొనుచున్నాను.

ఈ కోరికను నేను తప్పుపట్టను. పాతకట్టడములలో పెండ్లి చేసికొనవలెనను వేడుక నేడు దేశమంతట కలదు. రాజస్థానములోని రాజభవనములకు మన తెలుగువారు బంధువర్గముతో తరలిపోవుచున్నారు. హైదరాబాదులోని ఫలక్‌నుమా సౌధము 2010లో హోటలుగా తెరువబడిన తరువాత అచ్చటను వివాహములు జరుగుచున్నవి. ఇందులో ఆడంబరము లేదనలేము. అయినను దాని అడుగున మంచి భావమొకటి కలదు. ఉద్యోగములకై ఊళ్ళు మారి, తాతల యిల్లు అమ్ముకొని, అద్దెయిండ్లలో పిల్లలను పెంచిన మనకు, పెండ్లినాడైనను కొన్ని తరములను చూచిన గోడల నడుమ కూర్చుండవలెనని యుండుట సహజము.

కాని పాతకట్టడమును పెండ్లికి ఎన్నుకొనువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దానిని ఎందుకు కట్టిరి? అది ఎంత భరింపగలదు? మన వేడుకవలన అచ్చట నిత్యము జరుగు పనికి భంగము కలుగునా? రాజభవనమైనను, కోటయైనను, దేవాలయమైనను ఈ మూడును అడుగవలసినవే.

మొదటి ప్రశ్న చూడుడు. రాజభవనము మనుష్యులు నివసించుటకు, అతిథులకు విందు చేయుటకు కట్టినది. ఆలయములోని కల్యాణమండపము అట్టిది కాదు. ప్రతి పట్టణములోను అద్దెకిచ్చు కల్యాణమండపములు వెలసినందున, పేరునుబట్టి ఇదియు పెండ్లిండ్ల చావడియేనని అనుకొనుచున్నాము. పూర్వులు దీనిని కట్టినది ఉత్సవమూర్తులను వేంచేపు చేసి కల్యాణోత్సవము జరుపుటకు. సింహాచలములో 96 స్తంభముల కల్యాణమండపము కలదు. చైత్ర శుద్ధ ఏకాదశినాడు అప్పన్నస్వామి కల్యాణము ఆ క్షేత్రమున గొప్ప వేడుక. 16వ శతాబ్దిలో విజయనగర రాజుల కాలమున లేపాక్షిలో కట్టనారంభించిన కల్యాణమండపమునకు నేటికిని కప్పు లేదు. అయినను దాని స్తంభములను చూచినవారికి ఒక విషయము తెలియును. పార్వతీపరమేశ్వరుల పెండ్లికి తరలివచ్చిన దేవతలు, ఋషులు ఆ స్తంభములపై నిలిచియున్నారు. పెండ్లిపెద్దలను శిల్పి రాతిలోనే నిలిపినాడు. అట్టిచోట పెండ్లిపీటలు ఎవరివో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన పెండ్లి సంగతి. శాస్త్రరీత్యా వివాహము గృహ్యకర్మ. అనగా ఇంటియందు జరుగవలసిన కర్మలలో ముఖ్యమైనది. కన్యాదాత ఇంటిముంగిట పచ్చని పందిరి వేసి, అరుగు అలికి, ముగ్గులు పెట్టి, వరుని పిలిచి పూజించి కన్యను ఇచ్చుట మన ఆచారము. వరుడు అగ్నిని ప్రతిష్ఠించి, వధువు చేయిపట్టి, ఆమెతో ఏడడుగులు నడచును. ఆలయములో జరుగు అర్చనోత్సవములు ఆగమశాస్త్రమును అనుసరించునవి. రెండును పవిత్రములే, కాని వాటి త్రోవలు వేరు. పెండ్లికి పవిత్రత సంకల్పమువలన, అగ్నిసాక్షివలన, సప్తపదివలన కలుగును. స్తంభముల వయస్సువలన కలుగదు. మట్టి అరుగుపై నడచిన ఏడడుగులకును, శిలావేదికపై నడచిన ఏడడుగులకును ఫలమొక్కటియే.

"మరి కొండలమీద పెండ్లిండ్లు జరుగుటలేదా?" అని మీరడుగవచ్చును. జరుగుచున్నవి. అన్నవరములో సత్యదేవుని సన్నిధిని మ్రొక్కుబడి పెండ్లిండ్లు ఎన్నో జరుగును. తిరుమలలో దేవస్థానమువారు 2016నుండి కల్యాణవేదికలో ఉచితముగా వివాహములు జరిపించుచున్నారు. ఆ కల్యాణవేదిక శ్రీవారి ఆలయములోని మండపము కాదు, వేరుగా ఏర్పరచిన చోటు. అంతయేల? భద్రాచలములో సీతారాముల కల్యాణమే ఆలయము వెలుపల మిథిలా ప్రాంగణమున జరుగుచున్నది. ఒంటిమిట్టలోను కోదండరాముని కల్యాణము పాత ఆలయమున గాక, వెలుపల కల్యాణవేదికపై జరుగుచున్నది. భక్తజనము పెరిగినందున స్వామియే బయటికి వేంచేయుచుండగా, మన పెండ్లి బయటనే జరిగిన లోటేమి?

రెండవ ప్రశ్న రాయి ఎంత భరించునన్నది. రాయికి బాధ ఏమున్నదని అనుకొనవద్దు. హోమధూమము కప్పునకు అంటుకొని జిడ్డుగా పేరుకొనును. నూనె చిందినచోట దుమ్ము పట్టి శిల్పముల ముఖరేఖలు పూడిపోవును. వాటిని శుభ్రపరచుటకై గట్టిగా రుద్దినను, యంత్రముతో ఇసుక చిమ్మినను ఉలిగీతలు అరిగిపోవును. మేరాపువారు స్తంభములకు త్రాళ్ళు బిగింతురు, కీళ్ళలో మేకులు కొట్టుదురు. విద్యుద్దీపములవారు చూరుల వెంట తీగెలు లాగుదురు. వారు చెడ్డవారు కారు. తెల్లవారుసరికి అలంకరణ పూర్తికావలెనను తొందర వారిది. "స్వామి కల్యాణమునకును హోమము చేయుదుము గదా" అందురేమో. అది ఏడాదికొకమారు. మన ముహూర్తములు అట్లు కాదు. మూఢములు, శూన్యమాసములు పోగా మిగిలిన కొద్ది దినములలో ఊరిలోని పెండ్లిండ్లన్నియు వచ్చిపడును. ఒకరికి ఇచ్చినచో అందరికి ఇయ్యవలెను.

రాతికట్టడమును మరల నిలుపుట ఎంత కష్టమో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. హనుమకొండలోని వేయిస్తంభముల గుడి 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించినది. అందలి కల్యాణమండపమును బాగుచేయుటకై 2006లో విప్పిరి. అది మరల నిలిచి భక్తులకు తెరువబడినది 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు. నడుమ సుమారు పదునెనిమిదేండ్లు గడచినవి. మండపమును విప్పిననాడు పుట్టిన శిశువు, అది మరల తెరచునాటికి యుక్తవయస్సుకు వచ్చినది. ఒక పూట వేడుకకై కదలిన రాయిని సరిచేయుటకు ఒక తరము పట్టునన్నమాట.

ప్రభుత్వమువారును ఈ భేదమును గుర్తించిరి. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనున్న కట్టడములకు 1958 నాటి చట్టము క్రింద 1959లో నియమములు వచ్చినవి. వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే అట్టి కట్టడములలో సభలు, విందులు, వినోదములు జరుపరాదు. గుర్తింపబడిన మతాచారమును అనుసరించి జరుగువాటికి మాత్రము మినహాయింపు కలదు. అనగా స్వామివారి సేవకు అడ్డు లేదు, మన రిసెప్షనుకు ఉన్నది. కోటలోనో, పాతమహలులోనో పెండ్లి తలపెట్టువారు బయానా ఇచ్చుటకు ముందే ఈ సంగతి విచారించుకొనుట మంచిది.

మూడవ ప్రశ్న నిత్యకృత్యమును గూర్చినది. మన ముహూర్తములు ఒక్కొక్కప్పుడు రాత్రి రెండు గంటలకు కుదురును. ఏకాంతసేవయై స్వామివారు శయనించిన వేళ మండపములో బాజాలు మ్రోగింతుమా? బ్రహ్మోత్సవములలో ధ్వజారోహణమైన పిమ్మట ధ్వజావరోహణమువరకు ఊరిలోనే పెండ్లిండ్లు చేయరాదను ఆచారము పెక్కుచోట్ల కలదు. ఇక ఆలయమునే పెండ్లిచావడి చేసికొందుమా? మహానివేదనకు ఘంట మ్రోగువేళ ఫొటోలవారు వధూవరులను ఇటు నిలువుడు, అటు తిరుగుడనుచుండిన, దర్శనమునకు వచ్చిన ముసలమ్మ ఎచ్చట నిలువవలెను? ఆమె కానుక హుండీలో పడినది పదిరూపాయలే కావచ్చును. ఈ మండపములో ఆమెకున్న చోటు మనకున్న చోటుకంటె తక్కువది కాదు.

దాతలకు విశేషముగా ఒకమాట. దానము చేయునపుడు నీటిధార విడిచి "నమమ" యందుము, ఇది నాది కాదని. ధార విడిచిన తరువాత దానిపై హక్కు కోరరాదు. కన్యాదానము చేసిన తండ్రికి కూతురిపై ప్రేమ తగ్గునా? తగ్గదు. అయినను అల్లునింటికి ఆయన అతిథిగానే పోవును. ఆ యింటి పద్ధతిని మన్నించును. కూతురు చల్లగా కాపురము చేయుచుండుట చూచి సంతోషించి వచ్చును. ఈ మండపమునకు మీరిచ్చినదియు అట్టి దానమే. స్తంభము మీద మీ పేరు ఉండవచ్చును. స్తంభము మాత్రము స్వామిది.

కాబట్టి ధర్మకర్తల మండలివారికిని మీకును నా విన్నపమిది. స్వామివారి కల్యాణము మండపములో జరుగవలెను. మన పిల్లల పెండ్లి ప్రాకారము వెలుపలి ఖాళీస్థలములో తాటాకు పందిరిక్రింద జరుగవలెను. హోమము, తలంబ్రాలు, భోజనములు అన్నియు అచ్చటనే. సప్తపది ముగిసిన పిమ్మట, బ్రహ్మముడి విప్పకముందే, వధూవరులు మేళతాళములతో ఆలయప్రదక్షిణము చేసి మండపమునకు రావలెను. వేదికపై గాక, వేదిక ముందర చాపమీద కూర్చుండవలెను. అచ్చట మేము వేదాశీర్వచనము చేసి స్వామివారి శేషవస్త్రమును, అక్షతలను అందింతుము. ఇందుకు రుసుము వలదు. లక్షలిచ్చినవారి బిడ్డకును, రాళ్ళు మోసినవారి బిడ్డకును అదే చాప, అదే ఆశీర్వచనము.

ఇట్లు చేసిన మీరు కోరినది ఏదియు పోదు. మీ పిల్లలు పూర్వులు నిలిపిన స్తంభముల నడుమనే తొలి నమస్కారము చేయుదురు. రేపు వారి బిడ్డలను తీసికొనివచ్చి, "మీ అమ్మ నాన్న ఇచ్చటనే ఆశీర్వచనము పొందిరి" అని మీరు చూపింపవచ్చును. చూపించుటకు ఆ శిల్పము అప్పటికి చెక్కుచెదరకుండ ఉండవలెను గదా!

ఈ సంచికను చదువు మీ యిండ్లలో పెండ్లియీడు పిల్లలున్నచో వారికిని ఈ మాటలు వినిపింపుడు. వారు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ఉదయము అర్చనానంతరము నేను ఆలయములోనే యుందును.

స్వామివారు మీ వంశములను పచ్చని పందిళ్ళతో కళకళలాడించుగాక! శుభం భూయాత్.