సాక్ష్యానికి ధర కట్టినచోట

(నయాపూల్‌లో జరిగిన న్యాయ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ నయాపూల్ పక్కనే, మూసీ ఒడ్డున హైకోర్టు ఉంది. దక్షిణంగా కొంత దూరం నడిస్తే మక్కా మసీదు వస్తుంది. వంతెన దాటి ఆవలికి వెళితే కోఠీలో బ్రిటిష్ వారి పాత రెసిడెన్సీ భవనం ఉంది. ఈ మూడు చోట్లకూ నేటి విషయంతో సంబంధం ఉంది. జైలులో ఉన్న మనిషితో "ఇతరుల పేర్లు చెప్పు, నిన్ను వదిలేస్తాం" అని బేరం పెట్టినప్పుడు ఆ బేరం ధర్మమేనా? ఆ మాట ఇంటికి చేరినప్పుడు తల్లిదండ్రులు ఏం చేయాలి? ఇదే నేటి విషయం.

ముందుగా చట్టం మాట చూద్దాం. మన మధ్య మూడు వేర్వేరు విషయాలు ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి.

మొదటిది ప్లీ బార్గెయినింగ్. ఇది 2006 జూలై 5న అమలులోకి వచ్చింది. నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 289 నుండి 300 వరకు గల సెక్షన్లలో ఉంది. ఏడేళ్లకు మించి శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు. ఇందులో నిందితుడు తన నేరం గురించి మాత్రమే మాట్లాడతాడు. ఆ దరఖాస్తులో చెప్పిన విషయాలను మరే అవసరానికీ వాడరాదని చట్టమే నిషేధించింది.

రెండవది అప్రూవర్‌గా మారడం. నేరంలో పాలుపంచుకున్నవాడు తనకు తెలిసిన నిజమంతా దాచకుండా చెబుతానంటే 343, 344 సెక్షన్ల కింద అతనికి క్షమాభిక్ష ఇవ్వవచ్చు. ఇచ్చే అధికారం న్యాయస్థానానిదే గాని పోలీసు అధికారిది కాదు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్రూవర్ అప్పటికే బెయిలుపై లేకపోతే విచారణ ముగిసేవరకు నిర్బంధంలోనే ఉండాలి. అంటే "పేర్లు చెబితే రేపే ఇంటికి పంపుతాం" అన్న మాటకు చట్టంలో చోటు లేదు. అంతేకాదు, అతడు అబద్ధం చెప్పినా, నిజం దాచినా 345వ సెక్షన్ కింద పాత నేరానికే మళ్లీ విచారణ ఎదుర్కోవలసి వస్తుంది.

మూడవది నేరం ఒప్పుకోవడం. ఊపా వంటి చట్టాల కింద ఏళ్ల తరబడి బెయిలు దొరకనివారికి "ఒప్పుకో, గడిపిన కాలంతోనే శిక్ష సరిపోతుంది" అని సలహాలు అందుతుంటాయి. అటువంటి మాట న్యాయమూర్తిని ఏమాత్రం బంధించదు. ఆ సలహా ఇచ్చినవాడు తర్వాత కనిపించడు. ఆ మచ్చ మాత్రం మనిషికీ, అతని పిల్లలకూ మిగిలిపోతుంది.

ఇక ధర్మం మాట. మన ఫిఖ్హ్ పండితులు ఒప్పుకోలుకు, సాక్ష్యానికి మధ్య ఒక గీత గీశారు. ఒప్పుకోలు, అంటే ఇఖ్రార్, చెప్పిన మనిషిని మాత్రమే బంధిస్తుంది. అందుకే దానిని హుజ్జతె ఖాసిరా, పరిమితమైన రుజువు, అన్నారు. ఒక వ్యక్తి తన మెడకు తాను వేసుకున్న తాడును పక్కవాడి మెడకు తగిలించలేడు. ఇతరులపై చెప్పేది షహాదత్. దానికి నిష్పాక్షికత కావాలి, నమ్మకస్తుడైన సాక్షి కావాలి, స్వప్రయోజనం లేకపోవాలి. కొట్టి చెప్పించిన ఒప్పుకోలు చెల్లదని ఇమామ్ అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో స్పష్టం చేశారు. అది పన్నెండు వందల ఏళ్లకు పూర్వపు మాట.

అదే సమయంలో సాక్ష్యాన్ని దాచడం కూడా పాపమే. సూరా నిసా 135వ వాక్యం మన మీదకు వచ్చినా, తల్లిదండ్రుల మీదకు వచ్చినా న్యాయం వైపే నిలబడమని ఆదేశిస్తోంది. కాబట్టి నిజమైన హంతకుడిని సమాజం పేరుతో కాపాడటం ఇస్లాం కాదు. నిజం చెప్పడం విధి అయినప్పుడు దానికి ప్రతిఫలం ఎందుకు? ప్రతిఫలం ఉన్నచోట, చెప్పేవాడు నిజాన్ని చూస్తున్నాడా, జైలు తలుపును చూస్తున్నాడా అన్న సందేహం తప్పదు.

ఈ సందేహం మన దేశ చట్టానికీ ఉంది. అప్రూవర్ ముందుగా నమ్మదగిన సాక్షి అని తేలాలి, ఆ తర్వాత అతని మాటకు స్వతంత్ర ఆధారాల బలం ఉండాలి అని సుప్రీంకోర్టు 1957లోనే సర్వణ్ సింగ్ కేసులో జంట పరీక్ష పెట్టింది. సహ నిందితుని ఒప్పుకోలు పునాది కాలేదని, ఇతర సాక్ష్యానికి ఊతం మాత్రమే కాగలదని 1952లో కశ్మీరా సింగ్ కేసులో చెప్పింది. ఈ నియమాలను పక్కకు నెట్టినప్పుడు ఏమవుతుందో అక్షరధామ్ కేసు చూపింది. పోటా కింద పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోళ్లపై, నేరంలో భాగస్వాములుగా చూపినవారి మాటలపై ఆరుగురికి శిక్ష పడింది. అందులో ముగ్గురికి ఉరి. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది.

ఈ ప్రశ్న బీదవారి కేసులకే పరిమితం కాదు. ఢిల్లీ మద్యం విధానం కేసులో నిందితులు కొందరు అప్రూవర్లుగా మారారు. 2024 ఆగస్టు 27న కల్వకుంట్ల కవితకు బెయిలు ఇస్తూ సుప్రీంకోర్టు ధర్మాసనం, తన పాత్ర తానే చెప్పుకున్నవారు సాక్షులెలా అయ్యారని, దర్యాప్తు సంస్థ తనకు నచ్చినట్లు ఎంచుకోవచ్చునా అని నిలదీసింది. పెద్ద న్యాయవాదులున్న కేసులోనే ఈ ప్రశ్న తలెత్తితే, న్యాయవాదే లేని యువకుని సంగతి మనం ఊహించగలం.

ఇప్పుడు మనకు కష్టమైన చోటికి వద్దాం. 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మసీదులో పేలుడు జరిగింది. 9 మంది, ఆ తర్వాతి పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. అనంతరం పాతబస్తీ యువకులను పట్టుకుపోయారు. మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది వారి చిత్రహింసల ఫిర్యాదులను నమోదు చేశారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించగా, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

2010 డిసెంబరులో స్వామి అసీమానంద ఢిల్లీలో మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చారు. చంచల్‌గూడ జైలులో తనను దయగా చూసుకున్న ఒక ముస్లిం యువకుని వల్ల మనసు మారిందని అందులో చెప్పారు, ఇతరుల పేర్లూ చెప్పారు. తర్వాత ఆ వాంగ్మూలాన్ని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది.

ఆ తీర్పు బాధితుల గుండెల్లో ఉంచిన బరువు నాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. మన పిల్లలు నిందితులైనప్పుడు "నిర్బంధంలో చెప్పించిన మాట చెల్లదు" అంటాం. ఇతరులు నిందితులైనప్పుడు "ఆయనే ఒప్పుకున్నాడు కదా" అంటే మన తూకం తప్పుతుంది. ఒక జాతిపై ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపు నడిపించరాదని సూరా మాయిదా 8వ వాక్యం చేసిన హెచ్చరిక ఇటువంటి గడియకే. మనం అడగవలసిన ప్రశ్న వేరు: ఆ వాంగ్మూలానికి తోడు నిలిచే స్వతంత్ర సాక్ష్యాన్ని దర్యాప్తు ఎందుకు సమకూర్చలేకపోయింది? సాక్షులు పదుల సంఖ్యలో ఎందుకు అడ్డం తిరిగారు? 14 ప్రాణాలకు జవాబు ఆ ప్రశ్నలలో ఉంది. ఒక మనిషి నోటి మాటపై కేసు కడితే, ఆ నోరు మూసుకున్న నాడు కేసూ కూలుతుంది. అప్పుడు నష్టపోయేది బాధితులే.

చివరగా కోఠీ రెసిడెన్సీ. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దానిపై దాడికి నాయకత్వం వహించారు. పట్టుబడిన తుర్రేబాజ్ ఖాన్ మౌల్వీ ఆచూకీ చెప్పలేదు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. తప్పించుకున్నాడు, 1859లో తూప్రాన్ వద్ద చంపబడ్డాడు. ఆయనను తలచుకోవడం మన హక్కు. కాని ఆయన ధైర్యాన్ని కొలబద్దగా పట్టుకుని, నాలుగేళ్లు బెయిలు లేక విరిగిపోయిన పేద యువకుని కొలవరాదు. ఒత్తిడికి లొంగినవాని కంటే ఒత్తిడి పెట్టినవాని బాధ్యత పెద్దది. అప్రూవర్ ఇంటివారిని వెలివేయడం, వారి పిల్లల సంబంధాలు చెడగొట్టడం మన మసీదుల ముందు జరగరాదు.

మరి ఏం చేయాలి? నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ ఉంది. మొదటి రోజే అక్కడికి వెళ్లండి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంపై సంతకం చేయనక్కరలేదని మీ పిల్లలకు ముందే చెప్పండి. మెజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు ఇవ్వడానికి నిలబెట్టినప్పుడు "నాకు ఇష్టం లేదు" అనే హక్కు 183వ సెక్షన్ ఇస్తోంది. అలా అన్నవానిని ఆ కారణంగా తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదని కూడా అదే సెక్షన్ అంటోంది. దెబ్బలుంటే మెజిస్ట్రేటుకు చూపించి, వైద్య పరీక్ష కోరాలి. విచారణ సాగదీసి ఏళ్లు గడిస్తే, ఊపా కేసులోనైనా బెయిలు ఇవ్వవచ్చునని 2021లో కె.ఎ. నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మీ న్యాయవాదికి గుర్తు చేయండి.

బేరం మీ గుమ్మానికి వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. చెప్పబోయేది కళ్లతో చూసిన నిజమేనా? ఏమీ దక్కకపోయినా అదే మాట చెబుతామా? రెండింటికీ అవునంటే, న్యాయవాదిని వెంట తీసుకుని న్యాయస్థానంలోనే చెప్పండి. ఒక్కదానికి కాదన్నా, ఆ పేరు పలకకండి. ఆ పేరున్న మనిషికీ ఒక తల్లి ఉంది. ఆమె కూడా మనలాగే జైలు ములాఖాత్ వరుసలో నిలబడవలసి వస్తుంది.

అల్లాహ్ మనందరినీ నిజంపై నిలిపి ఉంచుగాక. వస్సలామ్.