చెక్ దేశపు మేళనాయకుడు తాలిఖ్



ఫిడేలు మన సభలకు క్రొత్తది కాదు. సముద్రములు దాటి వచ్చి, మన గాయకుని ప్రక్కను గూర్చుండి, మనదే యైనది. దాని పుట్టినింట మాత్రము ముప్పది ఫిడేళ్లు, వేణువులు, కొమ్ములు, భేరులు గూడి యేకకాలమున మ్రోగును. అంతమంది కెదురుగా చిన్న కఱ్ఱను చేతబట్టి, తానేమియు వాయింపక, అందఱను నడపువాడొకడు నిలుచును. ఆతనిని మేళనాయకుడందము. బెత్తము బట్టుట బడిపంతులనైన నాకు నలవాటే. కాని యా బెత్తమునకు జడియువారుండరు, దాని కొన కదలికనుబట్టి కమాను నాడింతురు.

అట్టి నాయకులలో మేటి వాత్స్లావ్ తాలిఖ్. ఇతడు 1883వ సంవత్సరము మే 28వ తేదీని మొరావియా ప్రాంతమందలి క్రోమెర్జీష్ పట్టణమున జన్మించెను. తండ్రియు సంగీతజ్ఞుడే. నాడు చెక్కుల దేశము ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. 1897లో ప్రాగు నగరపు సంగీత పాఠశాలలో జేరి, ఒతాకర్ షెవ్చీక్ అను గురువునొద్ద ఆఱేండ్లు ఫిడేలు సాధనచేసెను. ఈ షెవ్చీక్ వేళ్ల కదలికలను, కమాను పట్టును ముక్కలుముక్కలుగా విడదీసి, వేలకొలది అభ్యాసములు వ్రాసిన ఘటికుడు. సరళీ వరుసలు నేర్చిన మనవారికి ఆ పద్ధతి వింతగా దోపదు.

1903లో తాలిఖ్ బెర్లిను ఫిల్‌హార్మోనిక్ మేళమున ఫిడేలువారిలో ముఖ్యుడాయెను. వయస్సిరువది. అచ్చట ఆర్థర్ నికిష్ అను మహానాయకుని పనితనమును జూచి, వాద్యమును విడిచి మేళము నడపుటయే తన పని యని నిశ్చయించుకొనెను. పిమ్మట ఒడెస్సా, తిఫ్లిస్, ల్యుబ్ల్యానా, ప్ల్జెన్ పట్టణములలో బనిచేసి, నడుమ లైప్‌జిగులో మరల విద్యార్థియు నాయెను. 1918 అక్టోబరు 30న ప్రాగులో, యోసెఫ్ సుక్ రచించిన 'పరిపాకము' అను కృతిని చెక్ ఫిల్‌హార్మోనిక్ మేళముచే తొలిసారి వినిపించెను. దేశము స్వతంత్రమై అప్పటికి రెండే దినములు! మఱుసటి యేడు ఆ మేళమునకే ప్రధాననాయకుడై, నడుమ కొద్దికాలము దక్క, 1941 వఱకు దానిని నడపెను. ఒక్కొక్క వాద్యవర్గమును వేఱుగా గూర్చుండబెట్టి సాధన చేయించెడివాడు.

ఇక కష్టకాలము. 1939 మార్చిలో హిట్లరు సేనలు ప్రాగు నాక్రమించెను. ఆ జూను మాసమున తాలిఖ్ అచ్చటి జాతీయ నాటకశాలలో స్మెతనా కృతియగు 'నా దేశము'ను వినిపించెను. ఆఱు భాగముల యీ రచనలో పురాతన దుర్గము, వ్ల్తావా నది, కొండ గర్భమున నిదురించు వీరులు, అంతయు చెక్కుల గడ్డయే. ముగిసినంతనే సభలోని జనులు తమ జాతీయగీతమును బాడిరి. శత్రువు వీథిలో నుండగా!

ఇట్టివానినే 1945లో ద్రోహి యనిరి. 1941లో మేళముతో బెర్లిను వెళ్లుట ఆతనిపై మోపిన తప్పులలో నొకటి. అచ్చటను ఆతడు వినిపించినది 'నా దేశమే'. వెళ్లకుండవలసినదని నేడు మన యరుగుమీద గూర్చుండి చెప్పుట సులువు; కాదనిన తన మేళమున కేమి గతి పట్టునో తూచుకొనవలసినవాడు ఆతడు. చెఱలో నుంచి విచారించి, నిర్దోషి యని విడిచిరి. 1946లో యువకులతో నొక చిన్న మేళమును గూర్చెను. 1948లో ప్రభుత్వము మాఱగా మరల పదవినుండి తొలగించిరి. నిర్దోషి యని తేలిన పిమ్మటను శిక్ష తప్పకపోవుట నాకు మింగుడుపడదు. ఆతడు మాత్రము స్లొవాకియాలోని బ్రాతిస్లావాకు బోయి, అఱువదియాఱేండ్ల వయస్సున, 1949లో నూతనముగ నేర్పడిన స్లొవాక్ ఫిల్‌హార్మోనిక్ మేళమును దీర్చిదిద్దెను.

1954 తరువాత సభల కెక్కలేదు. తొలగించిన ప్రభుత్వమే 1957లో 'జాతీయ కళాకారుడు' అను బిరుదమిచ్చెను. 1961 మార్చి 16న బెరౌన్ పట్టణమున కాలధర్మమునొందెను. కారెల్ ఆన్చెర్ల్, చార్లెస్ మకెరాస్ అను ప్రసిద్ధ నాయకు లాతని శిష్యులు.

1939 నాటి సభ రేడియోలో ప్రసారమైనది. దాని ధ్వనిముద్రణ నార్వే రేడియోవారి భాండారమున దాగియుండి, తాలిఖ్ పోయిన చాల యేండ్లకు బయటికి వచ్చినది. చివర కరతాళములు, వాని నడుమనుండి లేచిన జనుల పాట, రెండును నేడు వినవచ్చును.