మూల ఇల్లు – రెండు వీధుల చాకిరీ

(మహాసభల్లో ఇళ్ళ కొనుగోలుపై జరిగిన చర్చావేదికలో చేసిన ప్రసంగ పాఠం)

మూల స్థలంలో ఇల్లు కొనడం వల్ల లాభనష్టాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను రియల్టర్ని కాను, వాస్తు పండితుణ్ణి అంతకన్నా కాను. 1994 నుంచి షికాగో శివారులో ఒక మూల ఇంట్లో కాపురం చేస్తున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

1996 వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. లోపలికి రాకుండానే రెండు వీధుల వైపూ నడిచి, అడుగులు లెక్కపెట్టుకుని, "మంచి బిట్టే కొన్నావురా. ఎన్ని షట్టర్లు వస్తాయి?" అన్నారు. ఇక్కడ షట్టర్లు పెట్టనివ్వరు నాన్నా, ఇళ్ళ మధ్య కిరాణా కొట్టు కూడా కుదరదు అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "మరి మూల ఎందుకు కొన్నట్టు?" అన్నారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్ళలో కార్నర్ బిట్టుకి రేటు ఎందుకు ఎక్కువ? రెండు రోడ్ల మీదికి తెరుచుకుంటుంది గనక. కింద మందుల షాపు, పక్క వీధి వైపు టైలరు, పైన మనం. ఆ అద్దెలతో పిల్లల చదువులు గట్టెక్కుతాయి. అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే లెక్క. షికాగో పాత పేటల్లో కింద కొట్టు, పైన కాపురం ఉన్న మూల భవనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే ఊరు ఉంది. ఆ ఊరివాళ్ళు ఇళ్ళకీ, వ్యాపారాలకీ, ఫ్యాక్టరీలకీ వేరు వేరు జోన్లు పెడితే, అక్కడ 68 ఎకరాలున్న యాంబ్లర్ రియాల్టీ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో సుప్రీం కోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. ఆ తర్వాత జోనింగ్ దేశమంతా పాతుకుపోయింది. మూలకి విలువ తెచ్చే దుకాణం ఇళ్ళ పేటల్లోంచి వెళ్ళిపోయింది, చాకిరీ మాత్రం మిగిలింది. మనవాళ్ళం ఇంకా తెనాలి లెక్కతోనే ఇక్కడ ఎక్కువ డబ్బు కడుతున్నాం.

"మరి వాస్తు?" అని వెనక వరసలోంచి ఎవరో అంటున్నారు. నిజమే, తూర్పున, ఉత్తరాన రోడ్లున్న ఈశాన్యపు మూల అంటే మనకు మహా మోజు. మాది అదే. కానీ కొందరు మూల ఇంటికీ వీధిపోటుకీ తేడా చూడరు. వీధి తిన్నగా వచ్చి మన స్థలానికి తగిలితే వీధిపోటు. మూల ఇంటికి వీధులు పక్కల నుంచి పోతాయి. అయితే మలుపు తిరిగే ప్రతి కారు హెడ్‌లైట్లూ మా పడకగది గోడ మీద ఒకసారి నడిచి వెళతాయి. దానికి శాంతి ఏమిటో ఏ శాస్త్రంలోనూ చెప్పలేదు. మందపాటి కర్టెన్లు వేసుకున్నాం.

స్థలం పెద్దది కదా అంటారు. కాగితం మీద పెద్దదే. చాలా ఊళ్ళలో మూల స్థలానికి రెండు వీధుల వైపూ సెట్‌బ్యాక్ వదలాలి, కంచె వేసే చోటూ ఎత్తూ వాళ్ళే చెబుతారు. కూడలి దగ్గర డ్రైవర్లకు చూపు అడ్డకుండా ఒక త్రికోణం ఖాళీగా ఉంచాలి. మా పెరట్లో ఎండ బాగా పడే చోటు సరిగ్గా ఆ త్రికోణమే. మా ఆవిడ అక్కడ బీరపందిరి వేసింది. పాదు పూతకొచ్చేసరికి ఊరి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే గడ్డిపట్టీ, దాన్ని మావైపు పార్క్‌వే అంటారు. పట్టా మనది కాదు, కోత మనది. అదీ రెండు వీధుల పొడవునా.

అసలు సంగతి మంచు. షికాగో నగరంలో మామూలు స్థలం 25 అడుగుల వెడల్పు, 125 అడుగుల పొడవు. నడిమి ఇంటాయన 25 అడుగుల సైడ్‌వాక్ శుభ్రం చేస్తే చాలు. మూల ఇంటాయనకు 25, 125 కలిపి 150. అంటే ఆరు రెట్లు. బాట 5 అడుగుల వెడల్పున ఉండాలని నగరపు నిబంధన. 20 అంగుళాలు పడిందనుకోండి, 1,250 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి ఆరు పౌండ్లే వేసుకున్నా 7,500 పౌండ్లు. ఇది కాక, ప్లౌ బండి రెండు వీధుల మంచూ తెచ్చి మూల మీదే గుట్ట పోస్తుంది.

20 అంగుళాలు ఉత్తుత్తి లెక్క కాదు. 2011 ఫిబ్రవరి మొదట్లో వచ్చిన బ్లిజార్డులో అంతకన్నా ఎక్కువే పడింది. శివారులో మా స్థలం ఇంకా వెడల్పు, మొత్తం 205 అడుగుల సైడ్‌వాక్. పార పట్టుకుని పక్క వీధి సగం దాకా వచ్చాక ఎడమ దవడ లాగడం మొదలైంది. చలికి అనుకున్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి 911 పిలిచింది. రెండు స్టెంట్లు వేశారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదే సమయంలో చేతులతో బరువెత్తితే గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. మన దక్షిణాసియావాళ్ళకు గుండెజబ్బు ముప్పు అసలే ఎక్కువ. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూశాను, ఈశాన్యం చూశాను, ఈ లెక్క వేసుకోలేదు.

కాలిఫోర్నియా మిత్రులు నవ్వుతున్నారు, మంచు లేదు కదా అని. శాన్ హోసేలో ఇంటిముందు సైడ్‌వాక్ రిపేరు ఇంటివాళ్ళదే. చెట్టు వేరు లేపిన పలక మీద ఎవరైనా తట్టుకుని పడితే ఇంటివాళ్ళ మీద దావా వేయొచ్చన్న ఆ ఊరి నిబంధనను 2004లో అప్పీలు కోర్టు సమర్థించింది. మూల ఇంటికి పలకలూ ఎక్కువే, చెట్లూ ఎక్కువే. ఇన్సూరెన్సులో లయబిలిటీ ఎంతుందో ఓసారి చూసుకోండి.

మరి మంచి ఏమీ లేదా? ఉంది, బోలెడు. ఒకవైపు పొరుగువాళ్ళు తక్కువ. కిటికీలు ఎక్కువ, జనవరిలో కూడా హాల్లో వెలుతురు ఉంటుంది. సత్యనారాయణ వ్రతానికి నలభై మంది వచ్చినా కార్లన్నీ మా రెండు వీధుల పొడవునే పట్టేస్తాయి, ఎవరి డ్రైవ్‌వేకీ అడ్డం రావు. అన్నిటికంటే, స్కూలు బస్సు మా మూల మీదే ఆగుతుంది. నాన్నగారు ఉన్న ఆరు నెలలూ పొద్దున్నే వరండాలో కూర్చుని పిల్లల్ని చూసేవారు. ఇంగ్లీషు రాకపోయినా వాళ్ళకి ఆయన, ఆయనకి వాళ్ళు తెలుసు. ఆయన వెళ్ళిపోయాక ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి తాతగారెక్కడని అడిగారు. నడిమి ఇంట్లో అయితే ఆయన టీవీ ముందు కూర్చునేవారు. నాన్నగారి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతే. దీనికి ఎంత ధర కట్టొచ్చో మీరే లెక్క వేసుకోండి.

కొనాలనుకుంటే ఒకటే చెబుతాను. ఆదివారం ఓపెన్ హౌస్ చూసి సంతకం పెట్టకండి. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, బడి వదిలేవేళ ఒకసారి వెళ్ళండి. ప్లాట్ సర్వే తెప్పించుకుని సైడ్‌వాక్ ఎన్ని అడుగులో కొలవండి. ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి మంచు, కంచె, రిపేరు నిబంధనలు అడగండి.

ఈ వసంతంలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. మొదట వచ్చింది మన తెలుగు జంటే. అబ్బాయి ఫోన్లో దిక్సూచి పెట్టుకుని చుట్టూ తిరిగి, "పక్కా ఈశాన్యమే కదా అంకుల్?" అన్నాడు. అవును బాబూ అన్నాను. తర్వాత గరాజ్‌లోకి తీసుకెళ్ళి స్నో బ్లోయర్ చూపించాను. అదీ ఇంటితో పాటే ఇచ్చేస్తానన్నాను.