అమ్మాయి బి.ఏ. చదువుతానంటే...



ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళల్లో జరిగే సంభాషణలు మీకు తెలియనివి కావు. "మీ అమ్మాయిని ఎందులో చేరుస్తున్నారండీ?" అని పక్కింటావిడ అడుగుతుంది. ఇంజనీరింగంటే ముఖం విప్పారుతుంది. బి.ఏ. అన్నామనుకోండి, ఒక్క క్షణం ఆగి, "పోనీలెండి, ఏదో ఒకటి" అంటుంది. అందులోనూ క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. అంటే ఇక రెండు ప్రశ్నలు వరసగా వచ్చిపడతాయి. అది చదివి ఏం చేస్తుంది? అక్కడ మతం మార్చెయ్యరు కదా? ఈ రెండు ప్రశ్నల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందామని ఈవేళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఈ కాలేజీలు మన మధ్యకు ఎలా వచ్చాయో చూద్దాం. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో ఒక చిన్న బడి పెట్టాడు. అదే తరువాత నోబుల్ కాలేజీ అయింది. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. మరి ఆడపిల్లల మాట? లక్నోలో ఇసబెల్లా థోబర్న్ అనే అమెరికా వనిత 1870లో బజారువీధిలో బడి తెరిస్తే వచ్చిన పిల్లలు ఆరుగురే. ఆ బడే పెరిగి పెద్దదై, ఆమె పేరుతోనే మహిళా కళాశాల అయింది. మద్రాసులో ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో మొదలైనప్పుడు నలభై ఒక్కమంది విద్యార్థినులు, ఏడుగురు అధ్యాపకులు. మన కోస్తా జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం అది. పిల్లని పై చదువుకు పంపాలంటే చెన్నపట్నం రైలెక్కించాల్సిందే. ఎంతమంది తండ్రులు ఎక్కించి ఉంటారో మీరే ఊహించుకోండి. స్వాతంత్ర్యం వచ్చాక ఏలూరులో సెయింట్ థెరిసా (1953), విశాఖపట్నంలో సెయింట్ జోసెఫ్ (1958), హైదరాబాదు బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ (1959), విజయవాడలో మేరిస్ స్టెల్లా (1962) వచ్చాయి. ఆ తరువాతే ఆడపిల్లల డిగ్రీ చదువు మన ఇళ్ళకు దగ్గరైంది.

ఇక మతం సంగతి. దాచుకోవలసిన పని లేదు. ఆ రోజుల్లో మిషనరీలు బళ్ళు పెట్టడంలో మత ప్రచారం కూడా ఒక ఉద్దేశమే. మరి అక్కడ చదివినవాళ్ళకు ఏమైంది? సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని చూడండి. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వెల్లూరులో వూరీస్ కాలేజీ, ఆ తరువాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. అన్నీ మిషన్ వాళ్ళ చదువులే. ఆయన తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం ఏమిటనుకున్నారు? చదువు పూర్తిచేసిన బంధువు ఒకాయన తన పాఠ్యపుస్తకాలు ఇచ్చాడట. కొత్త పుస్తకాల ఖర్చు తప్పింది! తరగతిలో హిందూమతం మీద విమర్శలు వింటూంటే ఆయనకు మనసు కలుక్కుమంది. అలిగి చదువు మానలేదు, కళ్ళు మూసుకుని ఒప్పుకోనూ లేదు. వాళ్ళ మాట నిజమో కాదో తేల్చుకుందామని మూలగ్రంథాల దగ్గరకు వెళ్ళారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా ఎం.ఏ.కు సిద్ధాంతవ్యాసం రాశారు. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నది ఆ కాలేజీలోని ఆయన గురువు ఏ.జి. హాగ్ గారే. శిష్యుడు తనతో ఏకీభవించకపోయినా, బాగా ఆలోచించాడని మెచ్చుకోగల గురువు దొరకడం కంటే చదువుకు ఇంకేం కావాలి?

ఇప్పుడైతే చట్టం కూడా మనకు అండగా ఉంది. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలవారికి తమ విద్యాసంస్థలు తాము నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం మన పిల్లలకూ ఒక హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపుగాని, సహాయంగాని పొందుతున్న విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ తన సమ్మతి లేకుండా మతబోధకుగాని, ప్రార్థనకుగాని రమ్మని నిర్బంధించకూడదు. పిల్ల మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. కనక భయపడుతూ కూర్చోకుండా, చేర్చేటప్పుడే మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు.

నన్నడిగితే, మతం కంటే ముందు ఆలోచించవలసింది ఇంకొకటి ఉంది. మా చెల్లెలు కోస్తాలో ఒక క్రిస్టియన్ కాలేజీలో హిస్టరీ, ఎకనమిక్స్, పాలిటిక్స్ తీసుకుని బి.ఏ. చదివింది. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. అది మా ఇంట్లో మొదటి డిగ్రీ. హాస్టల్లో చేర్చేటప్పుడు మా నాయనమ్మ, "మన పూజలూ పునస్కారాలూ మరిచిపోతావేమోనే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెల్లెలు పూజలేమీ మరిచిపోలేదు. కాని మొదటి ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. తెలుగు మీడియం నుంచి వెళ్ళిన పిల్ల. చుట్టుపక్కల అంతా ఇంగ్లీషు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అమ్మ మాట్లాడే తెలుగుకు కూడా కొంచెం సిగ్గుపడుతున్నట్టు అనిపించింది నాకు. మతం మారుతుందేమోనని ఇల్లంతా బెంగపడ్డాం గాని, పిల్లకు తన భాష మీద చిన్నచూపు కలుగుతుందేమోనని ఎవ్వరం అనుకోలేదు.

ఆ పిల్లను దారిలో పెట్టింది మళ్ళీ ఆ కాలేజీలోని చరిత్ర మేడమ్ గారే. "ముందు నీ భాషలో ఆలోచించు. విషయం నీకు తెలిస్తే ఇంగ్లీషు దాని వెనకే వస్తుంది" అన్నారట. మూడో ఏడు వచ్చేసరికి వక్తృత్వపు పోటీలో తెలుగులోనూ మాట్లాడింది, ఇంగ్లీషులోనూ మాట్లాడింది. అయినా క్రిస్టియన్ కాలేజీకీ తెలుగుకూ వైరం ఎక్కడిది? సంప్రదాయమంటే అంత పట్టుదల ఉన్న విశ్వనాథ సత్యనారాయణ గారు తెలుగు పాఠం చెప్పిన చోట్లలో బందరు నోబుల్ కాలేజీ, గుంటూరు ఏ.సి. కాలేజీ ఉన్నాయి. తెలుగుకు మొదటి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చినది ఆయనే.

ఇక రెండో ప్రశ్న. బి.ఏ. చదివి ఏం చేస్తుంది? ఉద్యోగాల మాట ముందు చెప్పేస్తాను. బి.ఇడి. చేసి సోషల్ టీచరు కావచ్చు. మూడేళ్ళ లా చదవచ్చు. గ్రూప్స్, సివిల్స్ పరీక్షల్లో అడిగే చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ ఆమె ఎలాగూ చదివినవే. పత్రికలు, అనువాదాలు, సంఘసేవ, గ్రంథాలయాలు, ఇలా దారులున్నాయి. జీతం మొదట్లో తక్కువ కావచ్చు, దారి కొంచెం పొడుగు కావచ్చు. ఆ మాట కూడా పిల్లకు దాచకుండా చెప్పాలి.

కాని ఉద్యోగంతోనే లెక్క పూర్తి కాదు. చరిత్ర చదివిన పిల్ల, "ఇది మన ఆచారం" అంటే "ఎప్పటి నుంచి?" అని అడుగుతుంది. అర్థశాస్త్రం చదివిన పిల్లకు ఉల్లిపాయల ధర ఎందుకు పెరిగిందో, చీటీ పాటలో ఎవరికి లాభమో తెలుస్తుంది. రాజనీతి చదివిన పిల్లకు వార్డు సభ్యుడి దగ్గరకు వెళ్ళి ఏ పని అడగవచ్చో తెలుస్తుంది. సాహిత్యం చదివిన పిల్ల ఎదుటి మనిషి కష్టాన్ని తొందరగా పోల్చుకుంటుంది. అడిగే పిల్ల ఇంట్లో ఉంటే పెద్దవాళ్ళకు కొంచెం ఇబ్బందే. మా చెల్లెలు పెళ్ళిచూపులప్పుడు, "ఈ కట్నం లెక్క నాకు కూడా చెప్పండి" అన్నది. ఆ రోజు మా నాన్న గారికి కోపం వచ్చింది. చెల్లెలు తగ్గలేదు, ఆ సంబంధం కుదరలేదు. ఏడాది తరువాత లెక్కలు అడగని సంబంధమే వచ్చింది. "అది చదివిన చదువు వృథా పోలేదు" అని నాన్న గారు ఇప్పుడు నలుగురిలో చెప్పుకుంటారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపానికి బి.ఏ., డబ్బంతా అబ్బాయి సీటుకు, అనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలా పంపితే ఏ కాలేజీ అయినా వెయిటింగు రూము అవుతుంది. పిల్ల కూడా రైలు కోసం చూస్తున్నట్టే కూర్చుంటుంది. తనకు ఇష్టమై, తెలిసి ఎంచుకుంటేనే ఆ చదువుకు విలువ.

చేర్చేముందు మీరు స్వయంగా ఒకసారి కాలేజీకి వెళ్ళిరండి. పిల్లకు వచ్చే సీటు ఎయిడెడా, అన్‌ఎయిడెడా అడగండి, ఫీజులో తేడా ఉంటుంది. అటానమస్ కాలేజీ అంటే పాఠ్యాంశాలు, పరీక్షలు కాలేజీయే చూసుకుంటుంది, డిగ్రీ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది. ఆ వివరం కనుక్కోండి. ద్వితీయ భాషగా తెలుగు ఉందా, స్కాలర్‌షిప్పులు ఏమున్నాయి, హాస్టల్ నియమాలేమిటి, అన్నీ అడగండి. లైబ్రరీ చూపించమనండి. పుస్తకాలు అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా గమనించండి. ఆ ఒక్కటి చూస్తే కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

ఆ తరువాత ఇంటికొచ్చి, వంట పని ముగించుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఏం చదవాలనుంది? ఎందుకు?" అని అడగండి. జవాబు పూర్తిగా వినండి. మధ్యలో పక్కింటావిడ ఏమంటుందో గుర్తుకొస్తే, ఆ మాట మాత్రం ఆ పిల్లతో అనకండి.