ఆడుబిడ్డ భాగము – న్యాయవిద్యార్థి కర్తవ్యము



న్యాయకళాశాలలో కుటుంబ న్యాయమును ప్రత్యేకముగా నభ్యసింపదలచిన విద్యార్థిని జూచి, "ఆలుమగల తగవులకా యింత చదువు?" అని నవ్వువారు కలరు. ఆ నవ్వు తగదని మేము చెప్పుచున్నాము. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమలలో సంసారమునకు చేనే యాధారము. ఆ చేను ఎవరికి దక్కునో తేల్చునది కుటుంబ న్యాయమే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగ మొసగెను. పిత్రార్జితమున పుట్టుకతో వచ్చు హక్కు మాత్రము కొడుకులకే మిగిలెను. ఆ లోటును ఆంధ్రప్రదేశము 1986లో దిద్దెను. అయినను 1985 సెప్టెంబరు 5కు ముందు పెండ్లియైన వారిని విడిచెను. 2005లో కేంద్రము ఆ భేదమును తొలగించెను. నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2004 డిసెంబరు 20కి ముందటి పంపకములు మాత్రము చెదరవు. ముసల్మాను కుటుంబములకు 1937 నాటి షరియతు చట్టము వేరు. ఇన్ని తేదీలు, ఇన్ని భేదములు పైపై చదువునకు లొంగునా?

చట్టము మారినంతనే ఆచారము మారదు. పసుపుకుంకుమల పేర చీర యొకటి పెట్టి, విడుదల దస్తావేజుపై చెల్లెలి వ్రేలిముద్ర వేయించుకొను అన్నలున్నారు. పుట్టింటి రాకపోకలు తెగునను భయమున ఆమె కాదనలేదు. ఆ ముద్ర పడకమునుపే దాని యర్థము విప్పి చెప్పువారు ఊరిలో నుండవలెను. 1987 నాటి చట్టము స్త్రీలకు ఉచిత న్యాయసహాయము కల్పించెను. సహాయము చేయువారికి శాస్త్రము తెలియనినాడు అది కాగితమే.

కావున యువజనులారా! శ్రద్ధతో చదువుడు, చదివి మెట్టకే మరలి రండు. తోబుట్టువుల నడుమ వ్యాజ్యములు పెంచుటకు గాదు, వ్యాజ్యమునకు ముందే న్యాయము చెప్పుటకు.