మరమ్మతుకు పిలుపునిచ్చే గాయం

ఎషరీషియా కోలై బాక్టీరియాలో డీఎన్‌ఏను బాగుచేసే కొత్త మార్గమొకటి ఉందని లియోనా సామ్సన్, జాన్ కెయిర్న్స్ 1977లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధనకు అర్ధశతాబ్ది కావస్తున్న సందర్భం ఈ ప్రసంగానికి ప్రేరణ. డీఎన్‌ఏ జంట పేటల మెలిక, దానిలోని నాలుగు క్షారాలు శ్రోతలకు పాఠశాల నాటి నుంచి పరిచయమే కనుక వాటిని ఇక్కడ వివరించనక్కరలేదు. కాని ఆ పాఠాలు కలిగించే ఒక అభిప్రాయాన్ని మాత్రం సవరించుకోవలసి ఉంది. డీఎన్‌ఏ శిలాశాసనంలా చెక్కుచెదరనిదని చాలామంది తలుస్తారు. నిజానికి బయటి విషమేదీ సోకని మానవ కణంలో సైతం, కేవలం నీటి చర్యకు, దేహపు వేడిమికి రోజూ వేల సంఖ్యలో క్షారాలు ఊడిపోతుంటాయని స్వీడన్ శాస్త్రవేత్త టోమస్ లిండాల్ 1970ల ఆరంభంలో లెక్కగట్టారు. ఈ నష్టాన్ని ఎప్పటికప్పుడు పూడ్చే ఎంజైములు కణంలో నిత్యం ఉంటాయి; వాటితోపాటు, కొన్ని రసాయనాలు దాడి చేసినప్పుడు మాత్రమే పుట్టుకొచ్చే మరమ్మతు దళాలు కూడా ఉంటాయి. ఈ ప్రసంగం ఆ రెండో రకానికి సంబంధించినది.

ఈ చరిత్రలోని తొలి ఘట్టాలను సమయాభావం వల్ల వేగంగా దాటవలసి వస్తుంది. రసాయనాలు వంశలక్షణాలను మార్చగలవని, అంటే ఉత్పరివర్తనలు కలిగించగలవని, నాజీ జర్మనీ నుంచి ఎడిన్‌బరో చేరిన షార్లట్ ఆవర్‌బాక్ మస్టర్డ్ వాయువుతో, పండ్ల ఈగలతో నిరూపించగా, యుద్ధకాలపు గోప్యత కారణంగా ఆ ఫలితాలు 1946లో గాని వెలుగు చూడలేదు. ఆ తరువాత ఎవెలిన్ విట్కిన్, మిరోస్లావ్ రాడ్‌మన్ బాక్టీరియాలోని ఎస్‌ఓఎస్ స్పందనను వెలికితీశారు. అతినీలలోహిత కిరణాలు గాని, మైటోమైసిన్ సి, నాలిడిక్సిక్ ఆమ్లం వంటి మందులు గాని డీఎన్‌ఏను దెబ్బతీసినప్పుడు, అంతవరకు నిద్రాణంగా ఉన్న పదుల కొద్దీ జన్యువులు ఒక్కసారిగా మేలుకోవడమే ఆ స్పందన. దానికి లభించవలసిన ప్రఖ్యాతి లభించింది. దాని నీడన పడి అంతగా వెలుగులోకి రానిది సామ్సన్, కెయిర్న్స్‌ల కథే.

కెయిర్న్స్ పేరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వేరొక కారణం వల్ల తెలుసు. రేడియోధార్మిక థైమిడిన్‌ను బాక్టీరియాకు అందించి, దాని డీఎన్‌ఏ దారమంతా ఫోటో ఫిల్మ్ మీద తన ఆకారాన్ని తానే ముద్రించుకొనేలా చేసి, అది సుమారు ఒక మిల్లీమీటరు నిడివిగల వలయమని 1963లో చూపినవారు ఆయనే. 1977 నాటి ప్రయోగం కూడా అంతే సరళమైనది. ఎంఎన్‌ఎన్‌జీ అని క్లుప్తంగా పిలిచే నైట్రోసోగ్వానిడిన్ రసాయనం డీఎన్‌ఏకు మిథైల్ సమూహాలను, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపులను అంటగట్టి, ఉత్పరివర్తనలు రేకెత్తిస్తుంది. దాన్ని అతి తక్కువ మోతాదులో కలిపిన ద్రవంలో బాక్టీరియాను పెంచినప్పుడు మొదట కొంతసేపు ఉత్పరివర్తనలు పేరుకుపోయాయి. తరువాత రసాయనం ద్రవంలో ఉండగానే ఆ పెరుగుదల ఆగిపోయింది. అలా అలవాటుపడిన బాక్టీరియా, మామూలు బాక్టీరియాను చంపగల పెద్ద మోతాదును కూడా తట్టుకున్నది. కొత్త ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటే మాత్రం ఆ శక్తి రాలేదు. ఎస్‌ఓఎస్‌కు అవసరమైన జన్యువులు లేకపోయినా ఇది జరగడం వల్ల, ఇది వేరొక మార్గమని తేలింది. దీనికి అనుకూలన స్పందన అన్న పేరు స్థిరపడింది.

ఈ మార్గానికి నాయకత్వం వహించే ప్రోటీన్ పేరు అడా. డీఎన్‌ఏలోని గ్వానిన్ ఆక్సిజన్ మీద మిథైల్ చేరితే, అది సైటోసిన్‌కు బదులు థైమిన్‌తో జతకట్టి అక్షరదోషాన్ని తరువాతి తరానికి పంపుతుంది. అడా ఆ మిథైల్‌ను లాగి, తన 321వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మీదికి తీసుకుంటుంది. ఒకసారి తీసుకున్నదాన్ని ఇక వదిలించుకోలేదు. పని ముగిశాక చెక్కుచెదరకుండా మళ్లీ పనికి సిద్ధమయ్యేదే ఎంజైమ్ అన్న నిర్వచనం ప్రకారం చూస్తే, పుస్తకాలు ఎంజైమ్ అని పిలిచే అడాకు ఆ పేరు పూర్తిగా తగదు. ఒక్కసారి కుట్టి ప్రాణం విడిచే తేనెటీగలా, ఒక్క గాయాన్ని మాన్పడానికి ఒక ప్రోటీన్ అణువు మొత్తం ఖర్చవుతుంది.

రసాయనమే మరమ్మతు ఎంజైములకు ఆజ్ఞ ఇస్తుందన్న వాడుక మాటను ఇక్కడే సరిచేయాలి, ఎందుకంటే ఆజ్ఞ ఇచ్చేది రసాయనం కాదు, అది మిగిల్చిన గాయం. మిథైల్ సమూహాలు క్షారాలతోపాటు డీఎన్‌ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్ల మీద కూడా పడతాయి. వాటివల్ల అక్షరదోషం కలగదు కనుక అవి దాదాపు నిరపాయమైనవి. అయినా అడా తన 38వ స్థానంలోని మరొక సిస్టీన్‌తో వాటిని సైతం తొలగిస్తుంది, ఆ తొలగింపుతో దాని స్వభావమే మారి, తన జన్యువుతో సహా నాలుగు మరమ్మతు జన్యువులను మేల్కొలుపుతుంది. కణానికి రెండు మూడు అణువులుగా ఉన్న అడా వేల సంఖ్యకు పెరుగుతుంది. ఈ సంకేతం గుట్టును లిండాల్, బార్బరా సెడ్జ్‌విక్ బృందం 1986లో విప్పింది. హాని చేయని గాయాన్నే పొలిమేర కావలిగా నిలిపిన ఈ ఏర్పాటు కన్నా అందమైనది జీవరసాయనశాస్త్రంలో మరొకటి దొరకడం కష్టం. లిండాల్‌కు 2015లో నోబెల్ తెచ్చినది ఈ పని కాదు, ప్రధానంగా క్షారాలను కత్తిరించి పూడ్చే మరొక మరమ్మతు విధానం.

అడా మేల్కొలిపే జన్యువులలో ఒకటైన ఆల్క్‌బీ చేసే పని ఏమిటో దాదాపు రెండు దశాబ్దాలు అంతుచిక్కలేదు. అది మిథైల్‌ను ఆక్సీకరణం చేసి ఫార్మాల్డిహైడ్‌గా విడుదల చేస్తుందని 2002లో తేలింది.

మానవ కణాలలో అడాకు దీటైన ప్రోటీన్ ఎంజీఎంటీ. కొద్దికొద్దిగా విషం తీసుకుంటే మనిషి కణాలు కూడా బాక్టీరియాలాగే రాటుదేలుతాయని ఊహించుకోవడం సరికాదు, ఎంజీఎంటీలో అడా వంటి సంకేత భాగం లేదు. అయితే బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్టీవెన్స్ బృందం రూపొందించిన టెమొజోలొమైడ్ అనే మందు మెదడు కణితికి చేసే హాని సరిగ్గా గ్వానిన్‌కు మిథైల్ అంటించడమే కనుక, కణితి కణాలలో ఎంజీఎంటీ ఉంటే ఆ మందు శ్రమ వృథా అవుతుంది. కొందరి కణితులలో మాత్రం ఆ జన్యువు ఆరంభ భాగంలోని సైటోసిన్ల మీద, మందుతో నిమిత్తం లేకుండా, కణమే చేర్చిన మిథైల్ గుర్తులు ఉండి జన్యువును మూగబోయేలా చేస్తాయి. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితి రోగులపై 2005లో ప్రచురితమైన అధ్యయనంలో, జన్యువు అలా మూగబోయినవారిలో రేడియేషన్‌తోపాటు ఈ మందు పొందినవారి మధ్యస్థ జీవితకాలం 21.7 నెలలు, ముందుగా రేడియేషన్ మాత్రమే పొందినవారిది 15.3 నెలలు; జన్యువు పలుకుతూనే ఉన్నవారిలో ఆ అంకెలు 12.7, 11.8.