ప్రాణం వదిలారు, మణి వదల్లేదు



నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేసిన ఘట్టం మీకు తెలిసిందే. తన కొడుకుల్ని చంపినా గురుపుత్రుణ్ణి విడిచిపెట్టమంది ద్రౌపది. తనలా అతని తల్లి కృపి ఏడవకూడదంది. పోతన భాగవతం చదివేవాళ్లం ఆ దయ దగ్గరే ఆగిపోతాం. పురాణం చెప్పేవాళ్లు కూడా అక్కడే కళ్లు తుడుచుకుంటారు. కానీ తర్వాత ఏం జరిగింది? అర్జునుడు అతని జుట్టు తరిగి, తలలోని మణి తీసుకుని, శిబిరం నుంచి వెళ్లగొట్టాడు. ఆ మణి ఉన్నవాడికి ఆయుధ భయం, రోగ భయం, ఆకలి భయం ఉండవని భారతం చెబుతుంది. అంటే తీసుకున్నది నగ కాదు, బలం. పోనీలే, రేపటి నుంచి మన సేనలో ఉండనీ అని అక్కడ ఎవరూ అనలేదు.

క్షమించే హక్కు ద్రౌపదిది, ఎందుకంటే కడుపుకోత ఆమెది. తప్పు చేసినవాడికి మళ్లీ ఇచ్చే అధికారం అలాంటిది కాదు. దాన్ని అప్పగించేవాడు రేపు నష్టపోబోయేవాళ్ల తరఫున అప్పగిస్తాడు. వాళ్లనడగకుండా చూపే ఔదార్యం పరాయి సొమ్ముతో చేసే దానం.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు ఊరి సహకార సంఘానికి అధ్యక్షులుగా ఉండగా, గుమాస్తా ఎరువుల డబ్బు వాడేసుకున్నాడు. మాస్టారు సర్వసభ్య సమావేశంలో సంగతి చెప్పి, డబ్బు కట్టించి, అందరూ ఒప్పుకున్నాక ఉద్యోగంలో ఉంచారు. రసీదు పుస్తకం, క్యాష్ పెట్టె తాళం మాత్రం మళ్లీ అతని చేతికి రాలేదు. అతని కూతురి పెళ్లికి అందరికంటే ముందు వెళ్లింది కూడా మాస్టారే.

క్షమించడానికీ అధికారం అప్పగించడానికీ మధ్య ఉన్న ఈ తేడా మన చట్టానికీ తెలుసు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద రెండేళ్లకు తగ్గకుండా శిక్ష పడినవాడు, విడుదలయ్యాక మరో 6 ఏళ్లు పోటీకి అనర్హుడు. జైలు గోడ దాటగానే అతను మనిషిగా స్వేచ్ఛాజీవే, ప్రతినిధిగా మాత్రం కాదు. పదవిలో ఉన్నవాళ్లు అప్పీలు చేసుకుని కుర్చీలో కొనసాగే వెసులుబాటు ఒకటి ఉండేది. లిల్లీ థామస్ కేసులో 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నన్నడిగితే ఆ 6 ఏళ్లూ తక్కువే. కాలం గడిచిందా అన్నదే చట్టం చూస్తుంది, మనిషి మారాడా అన్నది చూడదు.

మారినవాడికి అవకాశం ఇవ్వకూడదా అంటారు. ఇవ్వాలి. పని ఇవ్వండి, కూలి ఇవ్వండి, పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోండి. అయితే ప్రజాకోర్టులో గెలిచి కడిగిన ముత్యంలా వచ్చానని ఎవరైనా మైకు ముందు అంటే ఒప్పుకోకండి. ఓట్ల లెక్క నేర విచారణ కాదు. నష్టపోయినవాడు అతణ్ణి క్షమించాడో లేదో అందులో తేలదు.

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్‌లో కేసుల వివరాలు ఉంటాయి. ఈసారి ఓటు వేసే ముందు దాన్ని చదవండి.